9వ అధ్యాయం మనసు దోచింది, 28వ అధ్యాయం మింగుడు పడలేదు

పుటల మధ్య

ఈ నెల మన పాఠకుల బృందంలో మనమంతా చదువుతున్న ప్రేమ నవల పూర్తి చేశాను. నచ్చిందా అంటే ఒక్క మాటలో చెప్పలేను. మొదటి రెండు వంతులను ఎంత ఇష్టపడ్డానో, చివరి వంతు మీద అంత కోపంగా ఉంది. ఇంకా చదవడం పూర్తి కానివారు ఇక్కడే ఆగిపోండి, ముగింపుతో సహా అన్నీ మాట్లాడబోతున్నాను.

నచ్చింది ముందు చెబుతాను. పాత భవనంలో తాతగారి గడియారాల దుకాణం నడుపుతున్న అమ్మాయి, ఆ భవనం నిలుస్తుందో కూలుతుందో తేల్చడానికి వచ్చిన ఇంజినీరు. మొదట్లో ఇద్దరికీ పడదు. ఇంతవరకు మనకు తెలిసిన దారే. కానీ 9వ అధ్యాయంలో కరెంటు పోతుంది చూడండి, అక్కడ నవల నన్ను పట్టేసుకుంది. ఆమె కంటికి భూతద్దం బిగించుకుని, ఒక జేబు గడియారంలో వెంట్రుకంత సన్నని స్ప్రింగును సరిచేస్తూ ఉంటుంది. అతను టార్చిలైటు పట్టుకుని పక్కన నిలబడతాడు. ఆమె తల కదిలితే నీడ పని మీద పడుతుంది. మొదటిసారి ఆమె ‘కొంచెం ఎడమకు’ అంటుంది. మళ్లీ చెప్పాల్సిన అవసరం రాదు. ఆమె తల వంచబోయే ముందే అతని చేయి జరుగుతూ ఉంటుంది. ఆ అధ్యాయంలో ముద్దు లేదు, ప్రేమ అన్న మాట కూడా లేదు. అయినా అది పూర్తయ్యేసరికి వీళ్లిద్దరూ ఒకరికొకరు తప్పదని నాకు అర్థమైపోయింది.

ఇప్పుడు కోపం సంగతి. 2వ అధ్యాయంలోనే రచయిత్రి మనకు చెప్పింది, ఈ అమ్మాయికి జనం ముందు నిలబడటం అంటే ప్రాణం పోయినంత పని అని. తాతగారి సంస్మరణ సభలో నాలుగు మాటలు మాట్లాడమంటే పెరటి తలుపు తీసుకుని వెళ్లిపోయిన మనిషి ఆమె. ఆ సంగతి అతనికి తానే చెప్పుకుంది కూడా. అలాంటిది 28వ అధ్యాయంలో అతను ఏం చేశాడు? నిండు సభలో, చెప్పాపెట్టకుండా, ఆమెను వేదిక మీదికి పిలిచి, ‘ఈ భవనాన్ని నీ కోసం కొన్నాను’ అని మైకులో ప్రకటించాడు. ఆమె ఏడ్చింది, జనం చప్పట్లు కొట్టారు, అధ్యాయం ముగిసింది.

నీడ పడకముందే చేయి జరిపిన మనిషి ఇలా చేస్తాడా? నా బాధంతా అదే. అతను ఆమెను గమనించినందుకే ఆమె అతన్ని ప్రేమించింది. ముగింపులో అతను గమనించడం మానేశాడు, నవల దాన్నే ప్రేమకు పరాకాష్ఠగా చూపించింది.

అయినా ఆ పేజీల్లో నా కళ్లు చెమర్చాయి. అదీ నిజమే. అందుకే తేల్చుకోలేక ఇక్కడ రాస్తున్నాను. మీకు ఎలా అనిపించింది?

వానచినుకు

నాకు అన్నిటికంటే నచ్చింది 28వ అధ్యాయమే!

ఆమె తల్లి ఎలా వెళ్లిపోయిందో గుర్తు చేసుకోండి. తెల్లవారుజామున, ఎవరికీ చెప్పకుండా. తండ్రి ఆ తర్వాత తల్లి ఊసే ఎత్తలేదు. ఆ ఇంట్లో ప్రేమైనా, దుఃఖమైనా గుట్టుగానే ఉండేది. నలుగురిలో నిలబడి ‘ఈమె నా మనిషి’ అని చెప్పినవాళ్లు ఆమె జీవితంలో ఒక్కరూ లేరు. జనం అంటే ఆమెకు భయం ఉన్న మాట నిజమే, కానీ ఆ భయం వెనక ఉన్న వెలితి ఇంకా పెద్దది. అతను ఆ వెలితిని చూశాడని నేను అనుకున్నాను. ఆమె ఏడుపు నాకు భయంతో వచ్చినదిగా అనిపించలేదు.

ఆకుపచ్చ సిరా

నేను వృత్తిరీత్యా రాతప్రతులు చదువుతాను, అందుకని కథ కట్టుబడి వైపు నుంచి ఒక మాట. 28వ అధ్యాయంలో కనిపించే జబ్బు 15వ అధ్యాయంలోనే మొదలైంది.

పమేలా రీజిస్ అనే విమర్శకురాలు 2003లో వచ్చిన తన పుస్తకంలో ప్రేమ నవలకు తప్పనిసరి అయిన ఎనిమిది అంశాలను చెప్పింది. ప్రేమికుల చుట్టూ ఉన్న సమాజం, వాళ్లు కలుసుకోవడం, వాళ్ల మధ్య అడ్డంకి, ఆకర్షణ, ప్రేమను వెల్లడించడం, ఇక అంతా ముగిసిపోయింది అనిపించే ఒక చావులాంటి ఘట్టం, అడ్డంకిని దాటించే ఎరుక, చివరికి ఒకటవడం. ఇవి ఈ వరుసలోనే రావాలని లేదు. కానీ అడ్డంకికీ, ఆ చావులాంటి ఘట్టానికీ పేగుబంధం ఉండాలి. ఏది మొదటి నుంచి ఇద్దరినీ విడదీస్తోందో, అదే చివర్లో వాళ్లను కూలదోయాలి.

ఈ నవలలో అసలు అడ్డంకి ఏమిటి? అతని నివేదిక. ‘భవనం నిలవదు’ అని నిజం రాస్తే ఆమె దుకాణం పోతుంది, అబద్ధం రాస్తే అతను తనకు తానే మిగలడు. ఇంత గట్టి అడ్డంకి ఈ మధ్య వచ్చిన ప్రేమ నవలల్లో నేను చూడలేదు. దాన్ని రచయిత్రి 15వ అధ్యాయంలోనే ఖర్చు పెట్టేసింది. అతను నిజమే రాశాడు. ఆమె చదివి, ‘ఆ పగులు నాకు పదేళ్లుగా తెలుసు’ అంది. అద్భుతమైన ఘట్టమే. కానీ ఆ తర్వాత వాళ్లను విడదీయడానికి కథలో ఇంకేమీ మిగల్లేదు. అందుకే 22వ అధ్యాయంలో తలుపు చాటు నుంచి సగం విన్న ఫోను సంభాషణ కావలసి వచ్చింది. ఆ ఎడబాటు అరువు తెచ్చినది కాబట్టి, దాన్ని తీర్చడానికి వచ్చిన వేదికా, మైకూ కూడా అరువువే.

అపార్థం లేకుండా ఎడబాటు రాయలేమా అంటే, 1847లోనే షార్లెట్ బ్రాంటే ‘జేన్ ఐర్’ రాసి చూపించింది. పెళ్లి ఆగిపోయాక జేన్‌కు తెలియని రహస్యమంటూ లేదు. రాచెస్టర్ తనను ప్రేమిస్తున్నాడనీ తెలుసు, అతనికి భార్య ఉందనీ తెలుసు. అన్నీ తెలిసే వెళ్లిపోతుంది. అందుకే ఆ వెళ్లిపోవడం ఇప్పటికీ గుండెను పిండుతుంది.

నిదానం

సిరా గారు చెప్పినదానికి ఇంకొకటి కలపాలి. ఈ నవల ఒక అధ్యాయం ఆమె గొంతులో, ఒక అధ్యాయం అతని గొంతులో నడుస్తుంది, రెండూ ‘నేను’ అనే చెబుతాయి. ఇప్పుడు వచ్చే ప్రేమ నవలల్లో చాలావాటికి ఇదే పద్ధతి. తొలిప్రేమ తడబాట్లకు ఇది బంగారం లాంటి పద్ధతి. అతని మనసు మనకు తెలుసు, ఆమెకు తెలియదు, ఆ ఎడంలోనే ఆనందం ఉంటుంది.

అపార్థం దగ్గరికి వచ్చేసరికి అదే పద్ధతి కథ పీక నొక్కుతుంది. 21వ అధ్యాయం అతనిది. ఆ ఫోను ఎవరికి చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో మనం అప్పటికే చదివేశాం. 22లో ఆమె సగం విని పారిపోతుంటే మనకు ఆమె మీద జాలి కలగాలి. నాకు మాత్రం ‘ఒక్క ప్రశ్న అడగవమ్మా’ అని పుస్తకంతో పోట్లాడాలనిపించింది. ఆమె గొంతు ఒక్కటే ఉండి ఉంటే ఆ ఫోను మనకూ గుండెల్లో రాయి పడినట్టు వినిపించేది. అదే అపార్థం, అవే మాటలు, కానీ మనం ఆమె పక్కన నిలబడి వినేవాళ్లం.

శ్రోత

నేను ఈ నవల చదవలేదు, విన్నాను. 22వ అధ్యాయం నాకు బాగానే అనిపించింది, కారణం ఆమె భాగాలు చదివిన గొంతు. ‘సరే, అర్థమైంది’ అని తనలో తాను అనుకునే చోట ఆ గొంతు చిన్నపిల్ల గొంతులా మారిపోతుంది. ఇప్పుడు మీ మాటలు చూశాక అచ్చు పుస్తకం తెచ్చుకుని ఆ పేజీ చదివాను. కాగితం మీద అది లేదు. ఆ రెండు మాటలే ఉన్నాయి, వెంటనే ఆమె బస్సు ఎక్కేసింది.

పునాది రాయి

నేను కట్టడాల ఇంజినీరును. ప్రేమ గురించి మీరంతా మాట్లాడుతున్నారు, నన్ను భవనం గురించి మాట్లాడనివ్వండి, ఎందుకంటే నన్ను బాధపెట్టింది అదే.

15వ అధ్యాయంలోని నివేదికను రచయిత్రి చాలా శ్రద్ధగా రాసింది. కింది అంతస్తు పిల్లర్లలో కడ్డీలు తుప్పు పట్టాయని, కాంక్రీటు పొలుసులుగా ఊడుతోందని అతను రాస్తాడు. అది అక్షరాలా నిజం. ఇనుముకంటే తుప్పుకు ఎక్కువ చోటు కావాలి. లోపల ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది, ఆ పగుళ్లలోంచి తేమ ఇంకా లోపలికి పోతుంది. ఆమెకు పదేళ్లుగా తెలిసిన పగులు అదే.

మరి 28లో? ‘నిలవదు’ అని తానే సంతకం పెట్టిన భవనాన్ని కొని ఆమెకు కానుకగా ఇచ్చాడు! దాన్ని బాగు చేయడం అసాధ్యమేమీ కాదు. పాత పిల్లర్ చుట్టూ కొత్త కడ్డీలు కట్టి, కొత్త కాంక్రీటు పోసి బలపరుస్తారు, దాన్ని జాకెటింగ్ అంటాం. కానీ అంతకుముందు భవనానికి ఆనించి ఊతాలు పెట్టాలి, జనాన్ని ఖాళీ చేయించాలి, డబ్బు కావాలి, నెలలు పడుతుంది. ఒక్క వాక్యంలోనైనా ఆ మాట ఉందేమో అని వెతికాను. లేదు. చివరి అధ్యాయంలో ఆమె ఆ దుకాణంలోనే కూర్చుని ఉంది, గోడకు కొత్త రంగు వేసి ఉంది. నా వృత్తిలో అంతకంటే భయపెట్టే దృశ్యం లేదు. పగులు మీద రంగు వేసే ఇంటివాళ్లను ఆపడానికే మేం తలలు బద్దలు కొట్టుకుంటాం.

ఆ ఇంజినీరు పాత్రను నేను ఎంతో అభిమానించాను. ప్రేమ కోసం కూడా అబద్ధం రాయని మనిషి. అతనితో ఆ పని చేయించకుండా ఉండాల్సింది.

పుటల మధ్య

పునాది రాయి గారూ, మీ మాట చదివాక కాసేపు అలాగే ఉండిపోయాను. నేను జనం విషయం ఒక్కటే చూశాను. అతను గమనించేవి రెండు, ఆమెనూ, భవనాన్నీ. ముగింపు కోసం రెండిటినీ చూడనట్టు నటించాల్సి వచ్చిందన్నమాట.

వానచినుకు గారూ, తల్లి గురించి మీరు చెప్పింది నాకు బలంగా తగిలింది. ఆ వెలితి ఉంది, ఒప్పుకుంటాను. కానీ దాన్ని తీర్చే పద్ధతి ఆమెది కావాలి కదా? ఆమె తానే వేదిక ఎక్కి ఉంటే, వణుకుతూనైనా సరే, ‘ఇతను నా మనిషి’ అని తానే అని ఉంటే, నేను మీతో కలిసి చప్పట్లు కొట్టేదాన్ని.

రెండో ముల్లు

పాత గడియారాలు సరిచేయడం నా సరదా. ఒక చిన్న మాట చెప్పి వెళ్తాను. 9వ అధ్యాయం చివర గడియారం మళ్లీ నడవడం మొదలుపెట్టాక, చీకట్లో ఇద్దరూ ‘సెకనుకు ఐదు’ అని ఆ చప్పుడు వింటూ కూర్చుంటారు. అది కచ్చితంగా సరైన లెక్క. పాత జేబు గడియారాల్లో చాలావాటికి బ్యాలెన్స్ వీల్, అంటే లోపల ఇటూ అటూ ఊగే చక్రం, గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు ఐదు. నీడ సంగతీ నిజమే. ఆ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగిలాయా లేదా అన్నది వెలుగు పడే కోణాన్ని బట్టే తెలుస్తుంది. టార్చి పట్టుకునే మనిషి తెలివైనవాడైతే సగం పని అయిపోయినట్టే. రచయిత్రి ఎవరి పక్కనో కూర్చుని చూసి రాసి ఉండాలి.

చివరి పేజీ

నేను ఏ ప్రేమ నవలైనా ముందు చివరి పేజీ చదివి అప్పుడు మొదలుపెడతాను. చాలామంది దీన్ని తప్పు పడతారు. జానిస్ రాడ్వే 1984లో ప్రేమ నవలల పాఠకురాళ్ల గురించి రాసిన పుస్తకంలో, ముగింపు సంతోషంగా ఉందో లేదో ముందే చూసుకునే ఆడవాళ్లు కనిపిస్తారు. అది చదివినప్పుడు నాకు తోడు దొరికినట్టనిపించింది.

అమ్మ ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో రాత్రిళ్లు నేను చదివింది ఈ నవలలే. పక్క మంచం మీద మనిషి తెల్లారేసరికి ఉంటుందో లేదో తెలియనప్పుడు, చేతిలో ఉన్న పుస్తకంలో ఇద్దరు మనుషులు తప్పకుండా కలుస్తారని తెలియడం ఎంత ఊరటో చెప్పలేను. రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా సంఘం ప్రేమ నవలకు ఇచ్చిన నిర్వచనంలోనూ ఉన్నవి ఆ రెండే. కథకు కేంద్రంగా ప్రేమ ఉండాలి, ముగింపు మనసుకు తృప్తినిచ్చేలా, ఆశావహంగా ఉండాలి. అందుకని ముగింపు మీద ఇంత కోపం చూస్తే నాకు కొంచెం గుబులుగా ఉంది. ‘సంతోషంగా ముగిస్తే అది మంచి సాహిత్యం కాదు’ అనే మాట బయట ఎంతగా వింటున్నామో మీకు తెలుసు. మనమూ అదే అంటున్నామా?

పుటల మధ్య

చివరి పేజీ గారూ, ఆ మాట నేను ఎప్పటికీ అనను. వాళ్లిద్దరూ కలవాలని మీకంటే నేనే ఎక్కువ కోరుకున్నానేమో. నేను అడుగుతున్నది ఆ ముగింపు వీళ్లిద్దరిదే కావాలని. ఆ వేదిక, ఆ మైకు ఏ నవలలోకి తీసుకెళ్లి పెట్టినా సరిపోతాయి. 9వ అధ్యాయం మాత్రం ఇంకే నవలలోనూ ఇమడదు.

ప్రేమను నిరూపించుకోవడం గురించి 1813లో వచ్చిన జేన్ ఆస్టెన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. ఎలిజబెత్ చెల్లెలు లేచిపోతే, ఎలిజబెత్‌ను ప్రేమించే డార్సీ వెళ్లి, చెల్లెలిని తీసుకెళ్లినవాడి అప్పులు తీర్చి, పెళ్లి జరిపించి, ఈ సంగతి ఆమెకు తెలియనివ్వవద్దని ఆమె మేనమామ కుటుంబాన్ని కోరతాడు. చెల్లెలు నోరు జారడం వల్ల, తర్వాత అత్త రాసిన ఉత్తరం వల్ల ఆమెకు తెలుస్తుంది. ఎలిజబెత్ రుణపడినట్టు భావించకూడదని అతని తాపత్రయం. మన కథానాయకుడు భవనం కొన్న సంగతి ఒక్క నెల దాచి ఉంచగలిగాడు, అదీ వేదిక మీద చెప్పడం కోసమే.

వానచినుకు

డార్సీ అందరికీ సరిపోడండీ. ఎలిజబెత్‌కు తండ్రి ప్రేమ ఉంది, అక్క ఉంది, తన మీద తనకు నమ్మకం ఉంది. ఆమెకు చాటుగా చేసిన మేలు చాలు. చిన్నప్పుడే వదిలేయబడిన మనిషికి చాటుగా ఎంత చేసినా నమ్మకం కుదరదు. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. నన్ను పెళ్లి చేసుకోబోయే మనిషి మా రెండు కుటుంబాల మధ్య లేచి నిలబడి నా పేరు చెప్పిన రోజు నాకు ఏమైందో నాకు తెలుసు. అంతకుముందు ఏళ్ల తరబడి అతను చేసినవన్నీ నేను ఒక మూల అనుమానిస్తూనే ఉన్నాను. ఆ రోజుతో అది ఆగిపోయింది.

అందుకే 28వ అధ్యాయం నాకు అబద్ధంగా అనిపించదు.

నిదానం

వానచినుకు గారూ, ఇంత దగ్గరి మాట మాతో పంచుకున్నందుకు ధన్యవాదాలు. మీ మాటా, పుటల మధ్య గారి మాటా రెండూ నిలబడే చోటు ఒకటి ఉందనిపిస్తోంది. జేన్ ఆస్టెన్‌దే మరో నవల ‘పర్సుయేషన్’ చివర్లో, ఆన్‌ను ప్రేమించే వెంట్‌వర్త్ రాసే ఉత్తరం. ఆ గదిలో ఇంకా మనుషులు ఉన్నారు. అతను బల్ల దగ్గర కూర్చుని వేరే ఉత్తరం రాస్తున్నట్టు కనిపిస్తూ, ఆన్ ఇంకొకరితో మాట్లాడుతున్న మాటలు వింటూ, ఆమెకే రాస్తాడు. బయటికి వెళ్లి, చేతి తొడుగులు మరిచిపోయానని వెనక్కి వచ్చి, కాగితాల కింది నుంచి తీసి ఆమె ముందు పెట్టి వెళ్లిపోతాడు. నలుగురిలోనే జరిగింది, కానీ చదివింది ఆమె ఒక్కతే. వెనక్కి వెళ్లడానికీ, ముందుకు రావడానికీ ఆమెకు చోటు మిగిలింది.

మన నవలలో అలాంటిది ఎంత సులువుగా కుదిరేదో! ఆ సభలోనే, గోడ గడియారం ఒకటి ఆగిపోయి ఉందని 27లో చెప్పారు కదా. దానితో అతను ఏదో ఒకటి చేయవచ్చు.

ఆకుపచ్చ సిరా

నిజమే, ఆగిపోయిన గడియారాన్ని చూపించి దాన్ని వాడకుండా వదిలేయడం నన్నూ ఆశ్చర్యపరిచింది. బహుశా ముందు రాసిన ప్రతిలో ఇంకేదో ముగింపు ఉండి ఉంటుంది అనిపిస్తుంది, అది నా వృత్తి అలవాటు.

ఏడాది తర్వాత అంటూ వచ్చే ఆఖరి భాగం గురించి ఎవరూ మాట్లాడలేదు. పెళ్లి, కడుపుతో ఉండటం, కొత్త బోర్డు, అన్నీ నాలుగు పేజీల్లో. నాకు అది అవసరం అనిపించలేదు.

చివరి పేజీ

నేను మొదట చదివింది ఆ నాలుగు పేజీలే! అవి చదివే ధైర్యంగా మొదలుపెట్టాను. అవి తీసేయకండి. వేదిక సంగతి మాత్రం ఆలోచిస్తున్నాను. పుటల మధ్య గారు చెప్పినట్టు ఆమే ఎక్కి ఉంటే నాకూ ఇంకా తృప్తిగా ఉండేది.

శ్రోత

మీ చర్చ చదివి 27వ అధ్యాయం మళ్లీ విన్నాను. ఒక మాట ఎవరైనా గమనించారా? సభకు ఏర్పాట్లు చేస్తూ అతను ఆమె అక్కతో ఎంతమంది వస్తారని అడుగుతాడు. రెండు వందల దాకా అంటుంది అక్క. కాసేపాగి, ‘చెల్లికి ముందే చెప్పావా?’ అని అడుగుతుంది. అతను జవాబు చెప్పడు. కుర్చీలు లెక్కపెట్టడంలో పడిపోతాడు, అధ్యాయం అక్కడితో అయిపోతుంది.

పుటల మధ్య

నేను దాన్ని దాటేశాను! ఇప్పుడే తీసి చూశాను, మీరు చెప్పినట్టే ఉంది.

అంటే రచయిత్రికి తెలుసు. అడగాల్సిన ప్రశ్న ఆమె పుస్తకంలోనే ఉంది, అడిగిన మనిషీ ఉంది. జవాబు రాయకుండా ముందుకు వెళ్లిపోయింది. తెలియక జరిగిందనుకున్నప్పటి కంటే ఇది నన్ను ఎక్కువ బాధిస్తోంది, కానీ ఆమె మీద ఆశ కూడా ఇదే నిలబెడుతోంది.

పుస్తకం వెనక పేజీలో ఈమె తర్వాతి నవల అక్క కథ అని వేశారు. కొంటానా లేదా అని ఇంతసేపూ ఊగిసలాడుతున్నాను. కొంటాను. ఆ ప్రశ్న అడగగలిగిన మనిషిని ఎవరు, ఎలా ప్రేమిస్తారో నాకు చూడాలని ఉంది. వచ్చాక మళ్లీ ఇక్కడే మాట్లాడుకుందాం. పునాది రాయి గారూ, అందులో ఆ పిల్లర్లకు జాకెటింగ్ చేశారో లేదో చూసే బాధ్యత మీదే.

పునాది రాయి

తప్పకుండా. మొదట చూసేది అదే.